మా వాకిలి గదిలో డెన్మార్కాయన

పంతొమ్మిదివందల అరవైల మొదట్లో నేను ఆలేరు బడిలో తెలుగు పంతులుగా ఉన్నప్పుడు, డెన్మార్కు దేశస్థుడు ఒకాయన మా ఇంట్లో పద్నాలుగు నెలలు కిరాయికి ఉన్నాడు. ఇప్పుడు ఈ మాట చెబితే మా మనుమలు నమ్మరు. అప్పుడు చెప్పినా ఎవరూ నమ్మలేదు. కాకపోతే అప్పుడు వచ్చి చూసుకొని పోయే వీలుండేది.

మాది గొర్లకాపరుల ఇల్లు. నాయిన ఏడాదిలో ఎనిమిది నెలలు మంద వెంటే తిరిగేవాడు. ఇల్లు నడిపేది మా అవ్వ, అంటే నాయినను కన్నతల్లి. ఆ ఇంట్లో చదువుకొని సర్కారు జీతం తెచ్చుకున్న మొదటి మనిషిని నేనే. అందుకని నా మాటకు విలువ ఉండేదనుకుంటే పొరపాటు. జీతం అవ్వ చేతిలో పడేది, మాట కూడా అవ్వదే చెల్లేది.

మా వాకిలి పక్కన ఒక గది ఉండేది. ఉన్ని మూటలు, పల్లికాయ బస్తాలు అందులో వేసేవాళ్లం. ఒకరోజు పంచాయతీ సమితి ఆఫీసువాళ్లు ఒక పొడుగాటి తెల్లమనిషిని వెంటబెట్టుకొని వచ్చారు. ఎండకు ముఖం ఎర్రగా కమిలి, పండిన మిరపకాయలా ఉన్నాడు. వాళ్ల దేశంలో ఒక చిన్న పట్నంలో వ్యవసాయం నేర్పే బడి ఉందట. మన నల్ల గొర్రెల ఉన్ని ఎలాంటిదో చూసి రమ్మని ఆ బడివాళ్లు జీతమిచ్చి పంపారట. వారానికి రెండు రోజులు ఊళ్లు తిరిగి మందకొక పిడికెడు ఉన్ని తెచ్చుకోవాలి. మిగతా రోజులు గదిలో కూర్చొని దాని సంగతంతా టైపు కొట్టి, ఉన్ని కవర్లతోపాటు టపాలో పంపాలి. ఆయనను ఎక్కడ ఉంచాలో సమితివాళ్లకు తోచలేదు. గొర్రెల పని మీద వచ్చిన మనిషి గొర్లవాళ్ల ఇంట్లో ఉండటమే న్యాయమని మా ఇల్లు చూపించారు.

ఆయన అవ్వ ముందు నిలబడి చేతులు జోడించాడు. బయలుదేరే ముందు ఏదో పాత పుస్తకం చూసి తెలుగు నేర్చుకున్నాడట. "అమ్మా, నమస్కారము. నేను మీ గృహమునందు నివసింపగోరుచున్నాను" అన్నాడు.

అవ్వ నా వైపు తిరిగింది. "ఏమంటున్నడురా గీయన? హరికథ చెప్తడా?"

ఉంటానంటున్నాడని చెప్పాను. ఎక్కడివాడని అడిగింది. డెన్మార్కు అన్నాను. అవ్వ కాసేపు ఆలోచించి, "అగ్గిపెట్టెకు మార్కుంటది, బీడీ కట్టకు మార్కుంటది. మనిషికి మార్కేందిరా?" అంది. దేశం పేరే అదని చెప్పినా నమ్మినట్టు కనిపించలేదు. అయినా ఆయన కళ్లలోకి చూసి, తిన్నాడా లేదా అని అడగమంది. తినలేదని తెలిసింది. ఇక గది ఇవ్వాలా వద్దా అన్న చర్చ జరగనే లేదు. జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. వాళ్ల ఊళ్లో తినే నల్లరొట్టె కూడా ఇలాగే నమలాల్సి ఉంటుందని ఆయన సంతోషంగా మూడు రొట్టెలు తిన్నాడు. నేనూ నా భార్యా ఆ సాయంత్రమే ఉన్ని మూటలు తీసి గది ఊడ్చాం.

కష్టం మరునాటి నుంచి మొదలైంది. ఆయన పొద్దున ఎనిమిది గంటలకు తలుపు మూసుకొని పనికి కూర్చున్నాడు. మా వైపు పగటిపూట తలుపు మూస్తే దానికి మూడే కారణాలు. ఇంట్లో రోగమన్నా ఉండాలి, మొగుడూ పెళ్లాం కొట్లాడుకొనన్నా ఉండాలి, లేకపోతే మనిషన్నా పోయి ఉండాలి. తొమ్మిదింటికి అవ్వ వెళ్లి తలుపు తట్టింది. "నేను పని చేసుకొనుచున్నాను" అని లోపలినుంచి వినిపించింది. గొంతు బాగానే ఉంది కదా అని నేనన్నా అవ్వకు నమ్మకం కుదరలేదు. మిరియాల కషాయం కాచి తీసుకుపోయింది. ఆయన వద్దనలేక తాగాడు. మధ్యాహ్నానికి పక్కింటివాళ్లు పరామర్శకు వచ్చారు. సాయంత్రానికి, డెన్మార్కాయనకు గాలి సోకిందని రైలు స్టేషన్ దాకా మాట పోయింది.

మూడోనాడు ఆయన తలుపుకు ఒక కాగితం అంటించాడు. "దయచేసి లోపలికి రావలదు. పని జరుగుచున్నది" అని పెద్ద అక్షరాలతో రాశాడు. అంత చక్కటి రాత మా బడిలో ఎవరికీ లేదు. ఆ కాగితం వల్ల జరిగిందేమిటంటే, చదువు వచ్చినవాళ్లు లోపల ఏం పని జరుగుతోందో తెలుసుకోవడానికి తలుపు తట్టారు. చదువు రానివాళ్లు అందులో ఏం రాసి ఉందో చదివించుకోవడానికి తట్టారు. ఆయన లేచి వచ్చి ప్రతి ఒక్కరికీ ఓపికగా చదివి వినిపించాడు.

ఇక ఆయన చేసేది అసలు పనేనా అన్నది ఊళ్లో పెద్ద ప్రశ్న. పొలం దున్నడు, అంగడిలో కూర్చోడు, ఆఫీసుకు పోడు. ఇంట్లో కూర్చొని టకటకమని ఏదో కొడతాడు. దానికి ఎక్కడో సముద్రాల అవతల ఉన్నవాళ్లు జీతమిస్తారు. టీకొట్టు దగ్గర ఒకరు ఆయన గూఢచారి అన్నారు. ఆలేరులో గూఢచారికి దొరికేదేముంది, పల్లికాయ ధర తప్ప, అని ఇంకొకరు కొట్టేశారు. అవ్వ లెక్క వేరు. ఏదో తప్పు చేస్తే ఇంటివాళ్లు వెళ్లగొట్టి ఉంటారని, పాపం అడిగి బాధపెట్టవద్దని మాకు చెప్పింది.

ఈ గందరగోళంలోనే రవిక గుడ్డ సంగతి జరిగింది. మా ఎదురింటామె ఒకనాడు వచ్చి, లోపల ఆ చప్పుడేమిటని నా భార్యను అడిగింది. నా భార్య పొయ్యి ఊదుకుంటూ, "గాయిన మిషన్ కొడుతున్నడు" అంది. ఎదురింటామె ఇంటికిపోయి పచ్చటి రవిక గుడ్డ, కొలతకు పాత రవిక తెచ్చి, డెన్మార్కాయన చేతిలో పెట్టి, పండుగలోపు కావాలని చెప్పి వెళ్లిపోయింది. ఆయనకు సగమే అర్థమైంది. ఇరుగుపొరుగు ప్రేమతో ఇచ్చిన కానుక అనుకున్నాడు. నాలుగు రోజుల తరువాత కుట్టు ఎంతవరకు వచ్చిందో చూద్దామని ఆమె తొంగిచూస్తే, గుడ్డ గోడకు నాలుగు మేకుల మీద నిండుగా పరచి ఉంది. దాని పక్కనే కొలత రవిక కూడా, చేతులు చాచి.

ఆమెకు సమాధానం చెప్పడానికి నా భార్యకు ఒక పూట పట్టింది. డెన్మార్కాయనకు చెప్పడానికి నాకు ఇంకా ఎక్కువ సేపు పట్టింది. అంతా విన్నాక ఆయన చెవులు కూడా ఎర్రబడ్డాయి. ఆ రెండూ స్వయంగా మడతపెట్టి, ఎదురింటికి పోయి, రెండు చేతులతో ఇచ్చి వచ్చాడు. ఆమె భర్త ఇంట్లో లేని సమయం చూసుకొని పోయి ఉంటే ఇంకో కథ అయ్యేది. దేవుడి దయవల్ల ఆ ఇంటాయన తన అరుగు మీదే కూర్చొని ఉన్నాడట. సంగతి విని ఊపిరాడనంతగా నవ్వి, పోయేటప్పుడు ఒక గుమ్మడికాయ ఇచ్చి పంపాడు.

ఆ మరునాడు డెన్మార్కాయన తన బల్ల, కుర్చీ, టైపు మిషన్ తెచ్చి మా అరుగు మీద వీధికి ఎదురుగా వేసుకున్నాడు. మొదటి రోజు బడి పిల్లలతో సహా యాభైమంది దాకా చుట్టూ నిలబడ్డారు. రెండోరోజు ఇరవైమంది. మూడోరోజు ముగ్గురు, వాళ్లు కూడా పక్క ఊరివాళ్లు. నాలుగోరోజు ఆయనను చూసేందుకు ఒక మేక తప్ప ఎవరూ రాలేదు. మనిషి కళ్లముందు కూర్చొని ఉంటే ఇక చూడాల్సిందేముంది? తలుపు మూసుకుంటే దొరకని ఏకాంతం నడివీధిలో దొరికిందని ఆయన నాతో అన్నాడు. వాళ్ల పట్నంలో తలుపు మూసి ఉంటే ఎవరూ తట్టరట. చలికాలం అంతా అలా గడిచిపోతుందట, ఒక్కోసారి వారం రోజులు ఎవరూ తట్టరట. ఈ మాట అవ్వకు చెప్పాను. ఆనాటి నుంచి పనున్నా లేకున్నా రోజుకోసారి ఆయన బల్ల మీద చేత్తో రెండుసార్లు కొట్టి పోయేది.

ఆయనతో నాకు అసలు పరిచయం పాఠాల దగ్గర కుదిరింది. మొదటివారమే ఆయనకు ఒక సంగతి అర్థమైంది. తను మాట్లాడితే జనం చేతులు కట్టుకొని వింటున్నారు, కాని జవాబు చెప్పడం లేదు. తెలుగు నేర్పమని నన్ను అడిగాడు. నేను ఉత్సాహంగా వ్యాకరణం తెరిచాను. ఆయన పుస్తకం మూసి, "ఇది నాకు వచ్చును. మీ అవ్వగారు మాట్లాడునది నేర్పుడు" అన్నాడు.

అది నేర్పేది కాదని చెప్పాను. ఇంట్లో మాట్లాడుకునేది, దానికి వ్యాకరణం లేదన్నాను. నేను బడిలో పొద్దంతా చేసే పనే అది కదా. పిల్లలు గిట్ల అంటే ఇట్లా అని దిద్దడం, పోతాంది అంటే పోతున్నది అని రాయించడం. ఆయన తలూపి, నోటుపుస్తకం తీసి, అవ్వ మాటలు రాసుకోవడం మొదలుపెట్టాడు. వారం తిరిగేసరికి నా దగ్గరకు ప్రశ్నలతో వచ్చాడు. 'నేను వచ్చిన' అంటారు, 'ఆయన వచ్చిండు' అంటారు, 'నేను వచ్చిండు' అని ఎందుకు అనరు? రెండింటికీ దగ్గర అనే అర్థమైతే 'కాడ'కూ 'తాన'కూ తేడా ఏమిటి? నాకు తెలియదు. పుట్టిన నాటి నుంచి తప్పు లేకుండా మాట్లాడుతున్నాను, కాని ఎందుకో తెలియదు. ఇద్దరం లేచి అవ్వ దగ్గరకు పోయేవాళ్లం. అవ్వ గొర్రెపిల్లకు పాలు పట్టిస్తూ వినేది. "గట్ల అనరు" అనేది ఒకదానికి. "గిట్లంటరు" అనేది ఇంకొకదానికి. కారణం అడిగితే కసిరేది. ఆయన అన్నీ రాసుకొని, పదిరోజులకు ఒక పట్టిక గీసి నాకు చూపించాడు. అందులో మా ఇంటి మాటకు వ్యాకరణం ఉంది. పరాయి మనిషి చేతిరాతలో దాన్ని చూసినప్పుడు నాకు కలిగింది సంతోషమో సిగ్గో ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆ రోజు నుంచి అవ్వే ఆయన పంతులు. నేను పంతులు చేతిలో సుద్దముక్కను. ఆరు నెలల్లో ఆయన నోట గృహములు, నివసింపగోరడాలు పోయి, జర, గీడ, పరేషాన్ వచ్చాయి. ఒకే ఒక లోపం. అవ్వ ఎవరినీ మీరు అనేది కాదు. కలెక్టరు వచ్చినా నువ్వే. కాబట్టి ఆయన తెలుగులో మీరు అన్న మాట పూర్తిగా రాలిపోయింది. నేను గమనించలేదు.

ఊళ్లకు పోయే రోజుల్లో, బడి సెలవైతే, నేను కూడా వెంట పోయేవాణ్ణి. ఆయనకు ఒక సైకిలు ఉండేది. తనే తొక్కుతాననేవాడు, నన్ను వెనుక కూర్చోబెట్టుకొనేవాడు. దారిలో జనం ఆగి చూసేవాళ్లు. ఒక ముసలాయన నన్ను ఆపి, "తెల్లదొర తొక్కుతాంటే ఎనుక కూసుంటవా సారూ, జర సిగ్గనిపిస్తలేదా" అని అడిగాడు. ఆ తరువాత ఊరు కనిపించగానే దిగి నడిచేవాణ్ణి. ఊరు దాటాక మళ్లీ ఎక్కేవాణ్ణి. ఆయనకు ఇది ఎప్పుడూ అర్థం కాలేదు. నాకు నడుము నొప్పి అనుకొని కొన్నాళ్లు చాలా నెమ్మదిగా తొక్కాడు.

మా నాయిన మంద ఉన్ని సులభంగానే దొరికింది. ఇతరుల మందల దగ్గరే చిక్కు వచ్చింది. తెల్లమనిషి, పక్కన సర్కారు జీతం తినే పంతులు, చేతిలో నోటుపుస్తకం. గొర్లు లెక్కపెట్టడానికి వచ్చారనీ, పుల్లరి పెంచుతారనీ పుకారు పుట్టింది. పుల్లరి అంటే మేతకు సర్కారు వసూలు చేసే పన్ను. మేం ఏ ఊరికి పోయినా ఆ ఊళ్లో గొర్లు ఉండేవి కావు. నిన్న మొన్నటి పెంట కనిపించేది, దొడ్డికంపకు ఉన్ని పోగులు చిక్కుకొని ఉండేవి, గొర్లు మాత్రం గుట్టల వెనకకు పోయేవి.

ఒకచోట కులపెద్ద ఒక్కడే కూర్చొని ఉన్నాడు, ఒంటి మీద గొంగడి తప్ప అంగీ లేదు. డెన్మార్కాయన కొత్తగా నేర్చుకున్న మాటలన్నీ కూడదీసుకొని, "పెద్దయ్యా, నీ బొచ్చు జరంత ఇస్తవా" అన్నాడు. గొర్రె అన్న మాట మింగేశాడు. పెద్దాయన గొంగడి తొలగించి తన రొమ్ము చూసుకున్నాడు. "నాకు గివ్వే నాలుగెంటికలున్నయి బిడ్డా. గివి గూడ సర్కారుకు కావాల్నా" అని అడిగాడు, నిజంగానే బాధతో.

మోత్కూరు దారిలో ఉన్న ఒక చిన్న పల్లెలో జరిగింది మాత్రం అన్నింటికంటే గొప్పది. అక్కడ కూడా మందలు లేవు. ఒక ఇంటి ముందు ముసలమ్మ బియ్యం ఏరుకుంటోంది. గొర్లున్నాయా అని అడిగితే, ఎక్కడివి, కరువులో అన్నీ సచ్చినయి అంది. ఆ మాట పూర్తికాకముందే ఇంట్లోనుంచి బే అని వినిపించింది. నేను నేల వైపు చూశాను. ముసలమ్మ ఏరుతున్న చేయి ఆపకుండా, "మా మనుమడు. దగ్గు" అంది.

డెన్మార్కాయన తలూపాడు. చెవి అటు పెట్టి విన్నాడు. లోపల మళ్లీ బే అని, వెంటనే గరగరమని వినిపించింది. "ఎన్ని దినాల సంది?" అని అడిగాడు. ముసలమ్మ కొంచెం తడబడి, పది దినాలు అంది. తిండి తింటున్నాడా అని అడిగాడు. మునుపటంత లేదు అంది. ముక్కు కారుతుందా అన్నాడు. కారుతుంది అంది. అన్నీ రాసుకొని, "ఫికర్ చెయ్యకు అవ్వా. రేపు మందు తెస్త" అని లేచాడు.

ఊరు దాటేదాకా నేను నవ్వు ఆపుకున్నాను. సైకిలెక్కాక ఇక ఆగలేదు. ఆ అమాయకుడికి నొప్పించకుండా ఎలా చెప్పాలా అనుకుంటుంటే, ఆయనే తొక్కుతూ అన్నాడు: "గా గొర్రెకు నిజంగనే దగ్గున్నది సార్. పేగుల కాదు, ఊపిరితిత్తుల పురుగు. మందెయ్యకుంటె పక్క గొర్లకు గూడ వస్తది."

నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

మరునాడు పశువుల దవాఖానలో డాక్టరుతో మాట్లాడి మందు సీసా తీసుకొని ఒక్కడే పోయాడట. ఏం జరిగిందో తరువాత ముసలమ్మే మా అవ్వకు చెప్పింది. ఆయన వాకిట్లో నిలబడి, నీ మనుమనికి మందు తెచ్చిన, నేను తాపించాల్నా, నువ్వు తాపిస్తవా అని అడిగాడట. ముసలమ్మ ఆయన ముఖం వంక చాలాసేపు చూసింది. ఎగతాళి చేస్తున్నాడేమోనని చూసింది, లేదు. లోపలికి పోయి మనుమణ్ణి తాడు పట్టుకొని బయటికి తెచ్చింది. నల్లటి పొట్టేలు. డెన్మార్కాయన దాన్ని కాళ్ల మధ్య ఇరికించుకొని, దవడ పక్కనుంచి వేలు పెట్టి నోరు తెరిపించి, ఒక్క చుక్క కింద పడకుండా మందు పోశాడట. అది చూశాక ముసలమ్మకు ఈయన పన్నులవాడు కాదని తెలిసింది. పన్నులవాళ్లకు గొర్రె నోరు ఎటు ఉంటుందో కూడా తెలియదని ఆమె మా అవ్వతో అంది.

పొట్టేలు పదిహేను రోజుల్లో కోలుకుంది. ఆ తరువాత మేం పోయిన ప్రతి ఊళ్లో గుట్టల వెనకనుంచి మందలు దిగివచ్చాయి. ఉన్ని పిడికెడు అడిగితే బుట్టెడు ఇచ్చారు. దానితోపాటు కుంటి గొర్లను, కడుపుబ్బిన గొర్లను, ఒకచోట నడుము పట్టుకుపోయిన మనిషిని కూడా తెచ్చి ముందు నిలబెట్టారు. డెన్మార్కాయన తను డాక్టరును కానని మొత్తుకునేవాడు, తరువాత వంగి చూసేవాడు. ముసలమ్మ పొట్టేలు ఉన్ని కవరు మీద ఆయన ఇంగ్లీషులో ఏదో రాస్తుంటే చూశాను. యజమాని పేరు రాయాల్సిన చోట ముసలమ్మ పేరు, జంతువు వివరం రాయాల్సిన చోట 'మనుమడు' అని ఉంది. వాళ్ల దేశంలో దాన్ని చదివినవాళ్లు ఏమనుకున్నారో తెలియదు.

ఏడాది నిండబోతుండగా ఆయన పని చూడటానికి హైదరాబాదు నుంచి ఒక పెద్ద ఆఫీసరు వచ్చాడు. కోస్తా వైపు సర్కారు జిల్లాల మనిషి, తెల్లటి మడత నలగని బట్టలు, మెత్తటి మాట. నేను బడినుంచి పరుగెత్తుకొని వచ్చి వాకిట్లో నిలబడ్డాను. డెన్మార్కాయన అరుగు మీదనుంచి లేచి, నవ్వుముఖంతో చేయి చాచి, "రా సార్, రా. గిట్ల కూసో. మంచిగున్నవా? తిన్నవా?" అన్నాడు.

ఆఫీసరు కూర్చోలేదు. ఆయన వంక, నా వంక చూశాడు. "మీరేనా ఇక్కడ తెలుగు మాష్టారు?" అని అడిగాడు. అవునన్నాను. "పరాయి దేశస్థుడికి మన భాష మీద ఇలాంటి అభిప్రాయం కలిగిస్తారా అండీ? మర్యాదైన తెలుగు నేర్పాల్సింది కదా."

తలవంచుకొని నిలబడ్డాను. నేను బడిలో రోజూ పిల్లలకు చెప్పే మాటే అది, ఇప్పుడు నాకు ఎవరో చెబుతున్నారు. డెన్మార్కాయనకు ఎక్కడో తప్పు దొర్లిందని తెలిసింది కాని ఏమిటో తెలియలేదు. గదిలోకి పోయి తన పట్టికల పుస్తకం తెచ్చి ఆఫీసరు ముందు తెరిచాడు. "గీ తెలుగు వచ్చినంక గొర్లు దొరికినయి సార్" అన్నాడు. "పుస్తకం తెలుగు మాట్లాడితె గొర్లు గుట్ట ఎక్కుతయి."

అవ్వ అప్పటికే ఆఫీసరు వెనుక మజ్జిగ గ్లాసు పట్టుకొని నిలబడి ఉంది. ఆయన అవ్వను చూడలేదు. "ఎండల వచ్చినవు బిడ్డా, జర తాగు" అంది. ఆయన వయసు యాభై దాటి ఉంటుంది. ఆయనను ఎవరైనా బిడ్డా అని పిలిచి ఎన్నేళ్లయిందో మరి. గ్లాసు తీసుకున్నాడు. తాగాడు. తరువాత కూర్చున్నాడు. పట్టికలు తిప్పి చూస్తూ, 'కాడ'కూ 'తాన'కూ ఉన్న తేడా దగ్గర ఆగి రెండుసార్లు చదివాడు. పోయేటప్పుడు అవ్వకు నమస్కారం పెట్టాడు, నాకు పెట్టలేదు.

మరునాడు బడిలో ఒక పిల్లవాడు వ్యాసంలో గిట్ల అని రాశాడు. దిద్దాను. ఉద్యోగం కదా. కాని దిద్దేముందు ఎర్రసిరా కలం చాలాసేపు గాలిలో ఆగింది.

వానలు మొదలయ్యాక ఆయనకు వెనక్కి రమ్మని ఉత్తరం వచ్చింది. ఏ పని మీద వచ్చాడో అది అయిపోయింది. నాలుగువందల కవర్ల ఉన్ని అప్పటికే సముద్రం దాటింది. ప్రయాణం నాడు మా ఇంటిల్లిపాది, ఎదురింటివాళ్లు, చుట్టుపక్కల పల్లెల కాపరులు ఓ పాతికమంది స్టేషన్‌కు వచ్చాం. నాయిన కూడా మంద వదిలి వచ్చాడు. బండి మధ్యాహ్నం రెండింటికి. ఒకటిన్నరకే అందరూ ఆయనకు వీడ్కోలు చెప్పడం మొదలుపెట్టారు. పెద్దవాళ్లు దీవించారు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. అవ్వ ఆయన తల వంచమని, రెండు చేతులతో బుగ్గలు తడిమి మెటికలు విరిచింది. ఆయన కూడా ఏడ్చాడు. నేను ముందురోజే తయారు చేసుకున్న నాలుగు మంచి మాటలు చెప్పాను. అన్నీ సరిగ్గా రెండింటికి పూర్తయ్యాయి.

బండి రాలేదు. కాజీపేట దగ్గర ఎందుకో ఆగిందని స్టేషన్‌లో చెప్పారు. మూడయింది. వీడ్కోలు చెప్పిన మనిషి ఎదురుగా నిలబడి ఉంటే ఏం మాట్లాడాలో ఎవరికీ తోచలేదు. ఆయనకూ తోచలేదు. కొంతసేపు ఒకరి ముఖం ఒకరు చూడకుండా పట్టాల వైపు చూశాం. తరువాత ఒకరు టీ తెప్పించారు. ఇంకొకరు ఈసారి వాన ఎటునుంచి వస్తుందో అన్నారు. అక్కడినుంచి మాట పిల్లగొర్రెల ధర మీదకు పోయింది, ధర మీదనుంచి హుజూర్‌నగర్ వైపు ఈ ఏడు మేత ఎలా ఉందన్న దాని మీదకు పోయింది. డెన్మార్కాయన పెట్టె మీద కూర్చొని, అటు కృష్ణ ఒడ్డుకు మందలు తోలుకుపోతే బురదకు కాలిపుండ్లు వస్తాయని గట్టిగా వాదించాడు. నాయిన ఒప్పుకోలేదు. గొంతులు పెరిగాయి. ఇద్దరూ నేల మీద పుల్లతో దారి గీసుకొని ఎక్కడ బురద ఉంటుందో చూపించుకుంటున్నారు.

ఐదు దాటాక బండి అరుచుకుంటూ వచ్చింది. ఇక్కడ రెండు నిమిషాలే ఆగుతుంది. అందరం లేచి ఒకరి మీద ఒకరు పడి పెట్టెలు లోపలికి విసిరాం. ఆయన కడ్డీ పట్టుకొని ఎక్కేశాడు. బండి కదిలింది. దీవెనలు, కన్నీళ్లు, నా నాలుగు మంచి మాటలు అన్నీ మధ్యాహ్నమే ఖర్చయిపోయాయి. కిటికీలోనుంచి తల బయటపెట్టి ఆయన నాయినతో ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. ఇంజను చప్పుడులో మాకు వినిపించలేదు. నాయిన బండి వెంట నాలుగడుగులు నడిచి, "బురద లేదంటున్న కదా" అని గట్టిగా అరిచాడు.

ఇంటికి నడుచుకుంటూ బయలుదేరాం. సగం దారి వచ్చాక నాయిన ఆగి, "గాయిన చెప్పింది నిజమే గావచ్చు" అన్నాడు. ఆ ఏడు మందను హుజూర్‌నగర్ వైపు తోలలేదు.